రెండు నుంచి నాలుగు దాకా

"రెండు నుంచి నాలుగు దాకా. రోజూ. ఆదివారాలు కూడా వదల్లేదు మీరు," అంది గైడమ్మ.

భోజనాల బల్ల మీద ఒక కాగితపు చుట్ట ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచి ఉంది, మిగతావి పక్కన పేర్చి ఉన్నాయి. చుట్టుకుపోకుండా ఒక పక్క నీళ్ళ జగ్గు, ఇంకో పక్క ఉప్పు డబ్బా పెట్టింది. నీలం సిరా గీత పొద్దుటి నుంచి ఎగిరెగిరి పడుతూ నడిచి, మధ్యాహ్నం రెండు కాగానే నీరసంగా కుంగిపోతోంది. నాలుగింటికి మళ్ళీ లేస్తోంది. ఏ రోజు చూసినా అంతే.

ఆపరేటరు కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకున్నాడు. పెళ్ళయి పదకొండేళ్ళయింది. తప్పు చేసిన రోజు మొగుడు కూర్చోడని ఆమెకు తెలుసు. గురువారం నుంచి అతను కూర్చోగా చూడలేదు.

"ఇది నీకెక్కడిది?"

"ఎక్కడిదేమిటి, నా హాల్లోది. సోమవారం సోమవారం కాగితం మార్చేది నేనేగా. ఇవాళ పొద్దున మారుస్తుంటే కనపడింది, పాతవి కూడా తీసి తెచ్చాను."

అలల కరెంటు కేంద్రంలో ఆమెది సందర్శకులకు అంతా తిప్పి చూపించే ఉద్యోగం. అందుకే ఆ పేరు. హాల్లో ఒక పాత పెన్ను యంత్రం ఉంది. కంప్యూటర్లు వచ్చాక దాన్ని కంట్రోల్ రూమ్‌లోంచి పీకి, పిల్లలు చూసి సరదా పడతారని అక్కడ పెట్టారు. పీకినవాళ్ళు తీగలు మాత్రం కోయలేదు. కరెంటు తీసే పంకా లోంచి పోయే గాలి జోరును అది ఇప్పటికీ గీస్తూనే ఉంది. కంప్యూటర్లో ఉన్నదంతా గురువారం సాయంత్రానికే సూపర్‌వైజరు తన గదిలో పెట్టుకుని తాళం వేసుకున్నాడు. ఈ బొమ్మ యంత్రం సంగతి ఆయనకు తట్టలేదు.

"గురువారం రెండూ నలభైకి మా తమ్ముడు పై మూత బోల్టులు విప్పాడు. విప్పేముందు మీ గదిలో బోర్డు చూశాడు. గాలి తలుపు పూర్తిగా తెరిచి ఉందని మీ చేత్తో మీరు రాసిందే. ఈ గీత చూడండి. తలుపు సగం మూసి ఉంది."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"గురువారం నుంచీ తెలుసు."

ఆమె జగ్గు తీసేసింది. కాగితం సర్రున చుట్టుకుపోయి ఉప్పు డబ్బా దగ్గర ఆగింది.

జరిగింది ఇంత. అల వచ్చి కాంక్రీటు గదిలో గాలిని పైకి తోస్తుంది, వెనక్కి పోతూ లోపలికి లాగుతుంది. ఆ గాలి పోవడానికి, రావడానికి ఒకటే దారి, పంకా ముందున్న తలుపు. ఆ తలుపు బార్లా తెరిచి ఉంటే పైనున్న మూతకు పెద్దగా ఒత్తిడి తగలదు, దాని రబ్బరు మార్చుకోవచ్చు. నిజానికి రూల్సు పుస్తకంలో ఉన్నది యంత్రం ఆపి మార్చమని. ఆపితే పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలని సూపర్‌వైజరు నడుస్తుండగానే మార్పిస్తాడు. ఫిట్టర్లకు ఉన్న దిక్కల్లా ఆ బోర్డు. గురువారం బోర్డు అబద్ధం చెప్పింది. అల వచ్చినప్పుడు మూత ఎగిరింది, అల వెనక్కి పోయినప్పుడు అదే మూత తమ్ముడి కుడిచేతి మీద పడింది. డాక్టరు మూడు వేళ్ళు తీసేశాడు.

మర్నాడు శుక్రవారం ఆమెకు సెలవివ్వలేదు. రెండు బస్సుల పిల్లలు వచ్చి ఉన్నారు. "పొగ లేదు, బూడిద లేదు, ఎవరికీ హాని లేదు" అని ఎనిమిదేళ్ళుగా రోజుకు మూడుసార్లు చెప్పే మాటల్లో, బూడిద దాకా చెప్పి మంచినీళ్ళు తాగి వస్తానని బయటికి వెళ్ళిపోయింది.

"ఎందుకు మూశారు? అది చెప్పండి," అంది.

లోపలి గదిలోంచి ముసలావిడ దగ్గు వినిపించింది. ఇద్దరూ అటు చూశారు.

"అమ్మ నిద్రపోవాలి కదా," అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని తనే కూర్చుంది.

క్వార్టర్లు యంత్రమున్న రాతిగట్టుకు కూతవేటు దూరం. పంకా మూలుగు గోడల్లోంచి వస్తుంది. అత్తగారు తుంటి విరిగి ఈ ఇంటికి వచ్చి మూడు నెలలయింది. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఈ ఏడుపు ఎప్పటికైనా ఆగుతుందట్రా అని కొడుకును అడిగింది. డాక్టరేమో మధ్యాహ్నం నిద్ర ఉంటేనే ఎముక అతుక్కుంటుందన్నాడు. కొడుకు ఆ రెండు మాటలూ కలుపుకున్నాడు. తలుపు సగం మూస్తే మూలుగు సగమవుతుంది.

"రెండు గంటలే కదా అనుకున్నాను. ఎవరికి నష్టం అనుకున్నాను."

"బోర్డు మీద సగం అని రాయడానికి ఏమొచ్చింది మీకు?"

"రాస్తే ఎందుకని అడుగుతారు."

"పోనీ కుర్చీలో ఉన్నా వాడు మిమ్మల్ని నోటితో అడిగేవాడు. వాడొచ్చేసరికి కుర్చీ ఖాళీ."

"ఇంటికొచ్చాను. రోజూ ఆ వేళకు ఐదు నిమిషాలు వచ్చి కిటికీ లోంచి చూసి పోతాను. పడుకుందో లేదో అని."

ఎంత మంచి కొడుకు. ఊళ్ళో పదిమందికి చూపించి ఇలాంటి కొడుకును కనండని చెప్పచ్చు. ఆ మంచితనానికి ఇంకొకడి చెయ్యి పోయింది.

"ఐదింటికి సూపర్‌వైజరు దగ్గర విచారణ. అక్కడ చెప్పండి," అంది ఆమె.

"చెబితే ఉద్యోగం పోతుంది. కేసు పెడితే లోపలికి కూడా పోతాను. ఉద్యోగంతో పాటు ఈ కొంప. అమ్మను మంచంతో సహా ఎక్కడికి మోసుకుపోతావు నువ్వు?"

"చెప్పకపోతే వాడిదే తప్పని రాస్తారు. వాడికి ఇంకెక్కడా పని దొరకదు. బోర్డు చూడని ఫిట్టర్ని ఎవడు పెట్టుకుంటాడు?"

"మూడు వేళ్ళు లేని ఫిట్టర్ని మాత్రం ఎవడు పెట్టుకుంటాడు?"

ఆ మాట అన్నాక అతనికే ముఖం చెల్లలేదు. కానీ నోరు జారిన మనిషి వెనక్కి తగ్గడు, ఇంకో అడుగు ముందుకే వేస్తాడు. బల్ల మీద చుట్టను వేలితో పొడిచాడు.

"అంతా నా నెత్తిన రుద్దుతున్నావు. ఈ చుట్టలు మూడు నెలల నుంచీ నీ చేతుల్లోనే ఉన్నాయిగా. ప్రతి దాని చివరా నీ పొట్టి సంతకం ఉంటుంది. నీకు కనపడలేదా? పిల్లలకు ఏం చెప్పేదానివి?"

ఆమె ఉప్పు డబ్బాను పక్కకు జరిపింది.

"చెప్పు, ఏం చెప్పేదానివి?"

చెప్పింది, ఇంకెవరో అన్నట్టు. "సముద్రం కూడా అన్నం తిని కాసేపు కునుకు తీస్తుంది చూడండి అని."

పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసం ఆమె ఆ మాట మధ్యాహ్నం వచ్చే ప్రతి గుంపుకూ దాచి ఉంచేది. పోటు రోజుకు ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తుందని, సముద్రానికి మన గడియారంతో పనిలేదని అదే పిల్లలకు పది నిమిషాల ముందు చెప్పేదీ ఆమే. సముద్రం రోజూ సరిగ్గా రెండింటికి పడుకోదని ఐదో తరగతి పిల్లవాడికి కూడా తట్టాలి. ఆమెకు తట్టలేదు. తట్టకపోవడం కూడా కాదు, నవ్వుతున్నారు కదా అని ఊరుకుంది.

"అమ్మాయ్," అని లోపలినుంచి పిలుపు వచ్చింది. "ఒకసారి ఇలా రా. వాణ్ణి కూడా రమ్మను."

అత్తగారు దిండుకు జారబడి ఉంది. మూడు నెలల్లో మనిషి సగమైంది కానీ కళ్ళలో చురుకు తగ్గలేదు. కోడలు మంచం పట్టె మీద కూర్చుంది. కొడుకు గుమ్మం దగ్గరే ఆగాడు.

"గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో ఆ చెవులు నావే. అంతా విన్నాను."

"అమ్మా, నువ్వు పడుకో."

"పడుకునే చెడ్డానురా." ఆవిడ కొడుకు వైపు చూడకుండా కోడలితో చెప్పింది. "ఆ రొద వచ్చిన కొత్తలో చిరాకనిపించిన మాట నిజమేనమ్మా. నాలుగు రోజులకు అలవాటైపోయింది. తర్వాత అదే తోడు. అది మోగుతోందంటే నా కొడుకు కుర్చీలో క్షేమంగా ఉన్నాడన్నమాట అనుకునేదాన్ని. రెండయ్యేసరికి సన్నబడిపోయేది. నాకు గుండెల్లో రాయి పడేది. ఏమైందో, వీడికేమైందో అని నాలుగింటిదాకా చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని."

"నువ్వు నిద్రపోయేదానివి. రోజూ చూశాను," అన్నాడు ఆపరేటరు.

"కిటికీ దగ్గర నీ నీడ పడేది. పాపం పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు, మెలకువగా ఉంటే దిగులు పడతాడని కళ్ళు మూసుకునేదాన్ని."

గురువారం నుంచి యంత్రం ఆపేశారు. ఆ మూలుగు లేని ఇల్లు గైడమ్మకు పరాయి ఇల్లులా ఉంది. తల్లి కోసం కొడుకు తలుపు మూశాడు, కొడుకు కోసం తల్లి కళ్ళు మూసింది. ఒక్కరైనా నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే తన తమ్ముడి చెయ్యి మిగిలేది. ఆమెకు తల్లీకొడుకులిద్దరి మీదా ఒళ్ళు మండింది. అంతలోనే తన పొట్టి సంతకాలు గుర్తొచ్చి ఆ మంట చల్లారిపోయింది.

"ఐదింటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది తల్లి. "నా మంచం గురించి నీకెందుకు. ఏ చెట్టు కింద వేసినా అది మంచమే."

వీధి తలుపు చప్పుడైంది.

"అక్కా, ఉన్నావా?"

తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకు ఆ క్షణం అంతుబట్టలేదు. ఇందాకటి దాకా నిజం చెప్పమని మొగుడి గొంతు పట్టుకున్న మనిషి, తమ్ముడి గొంతు వినగానే ఒక్క ఉదుటున భోజనాల గదిలోకి వెళ్ళి, బల్ల మీది చుట్టలన్నీ తీసి, దుప్పట్ల బీరువాలో అడుగున పెట్టి మూసింది. ఎవరూ పెట్టమనలేదు.

తమ్ముడు లోపలికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, నాలుగు రోజుల్లో నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి కట్టుకట్టి మెడలో వేలాడేసి ఉంది. ఎడం చేతిలో మడతపెట్టిన కాగితం, చొక్కా జేబులో పెన్ను.

"ఆసుపత్రి వాళ్ళు పొమ్మన్నారా?" అంది.

"మంచం ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాట పొమ్మన్నట్టే ఉంది." నవ్వబోయాడు. "బావ ఉన్నాడా? బావా, నువ్వూ రా. మీ ఇద్దరికీ చూపించాకే సంతకం పెడదామని ఆగాను."

కాగితం టైపు చేసి ఉంది. బోర్డు సరిగా చూడకుండా మూత విప్పాననీ, తప్పు పూర్తిగా తనదేననీ, కేంద్రానికి గానీ డ్యూటీలో ఉన్న ఆపరేటరుకు గానీ ఏ సంబంధమూ లేదనీ.

"తడిగుడ్డ వచ్చాడు పొద్దున," అన్నాడు తమ్ముడు. సూపర్‌వైజరుకు ఫిట్టర్లు పెట్టుకున్న పేరది. తడిగుడ్డతో గొంతు కోసే రకమని. "నా మంచం మీద కూర్చుని, వెన్ను నిమిరి, పళ్ళు కోసి నోట్లో పెట్టాడక్కా. కన్నతండ్రి కూడా పెట్టలేదు. ఇది సంతకం పెట్టేస్తే గేటు దగ్గర పని ఇప్పిస్తానన్నాడు. లారీ వస్తే అడ్డుకర్ర ఎత్తాలి, పోతే దించాలి. దానికి ఒక చెయ్యి చాలు. పెట్టకపోతే విచారణ పైదాకా పోతుంది, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు. నా చేతుల్లో ఏమీ ఉండదట. నాతో అంటున్నాడు ఆ మాట."

ఆపరేటరు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తమ్ముడు అతని వైపు తిరిగాడు.

"బావా, ఒక్కటి అడుగుతాను. నాలుగు రోజులుగా అదే నన్ను తొలుస్తోంది. గురువారం నేను బోర్డు చూశాను. పూర్తిగా తెరిచి ఉందనే చదివాను. నిజంగా చదివానా, లేక అలవాటు కొద్దీ చదివాననుకున్నానా? పన్నెండేళ్ళుగా చూస్తున్న బోర్డు, కళ్ళు మూసుకున్నా అవే అక్షరాలు కనిపిస్తాయి. సాయంత్రానికే దాన్ని తుడిచేశారట. ఆ రోజు నువ్వు ఏం రాశావు?"

వీధిలో ఎవరో బకెట్టు దించిన చప్పుడు వినిపించింది. గైడమ్మ మొగుడి ముఖం చూసింది. చెబుతాడనుకుంది. ఇంత సూటిగా అడిగితే చెప్పకుండా ఎవరుంటారు అనుకుంది.

"సరిగ్గా గుర్తులేదురా," అన్నాడు ఆపరేటరు.

తమ్ముడు మెల్లగా తలూపాడు. అతనికి అదో రకం తెరిపిగా ఉన్నట్టుంది.

"అయితే నేనే తప్పు చూసి ఉంటాను. ఆ ముక్కే కావాలి నాకు. చెయ్యని తప్పుకు సంతకం పెడుతున్నానేమోనని అనుమానం ఉండేది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, పళ్ళతో మూత లాగాడు.

"వేలిముద్ర వెయ్యమన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి, వేలిముద్ర వేస్తానా? ఎడం చేత్తో నేర్చుకుంటానన్నాను. ఇంకా గంటన్నర ఉంది. అక్కా, ఏదైనా తెల్లకాగితం ఉంటే ఇవ్వు. నువ్వు కాస్త పట్టుకోవాలి, ఒంటిచేత్తో రాస్తుంటే జారిపోతోంది."

ఆమె కాగితం తెచ్చింది. బల్ల మీద పెట్టి రెండు చేతులతో రెండు అంచులూ అదిమి పట్టుకుంది. తమ్ముడు ముందుకు వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, మొదటి అక్షరం దిద్దాడు. వంకరపోయింది. పక్కన ఇంకోటి రాశాడు. మొదటిసారి బడికి వెళ్ళొచ్చిన రోజు ఇలాగే పలక ఆమెకిచ్చి పట్టుకోమన్నాడు.

పది రాశాడు. ఇరవై రాశాడు. చెప్పాలని ప్రతి సంతకానికీ అనుకుంది. ఇది అయ్యాక, ఈ వరస అయ్యాక అనుకుంది. చెబితే బీరువా తియ్యాలి, బీరువా తీస్తే తన సంతకాలు చూపించాలి. కాగితం నిండిపోయింది. వెనక్కి తిప్పి మళ్ళీ అదిమి పట్టుకుంది.

"ఇది ఫర్వాలేదు కదూ?" అన్నాడు. "నా పేరులాగే ఉంది."

"బాగుంది," అంది.

"ఏరా అబ్బాయ్," అని లోపలినుంచి ముసలావిడ గొంతు. "ఆ సంతకం పెట్టేముందు ఒకసారి నా దగ్గరికి రా."

తమ్ముడు లేచాడు. ఆపరేటరు అతనికంటే ముందు నడిచి గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మ పడుకుంది. తర్వాత చూద్దువుగాని."

"ఇప్పుడేగా పిలిచింది బావా."

"మందులు వేసుకుంది. ఏదో అంటూ ఉంటుంది."

"వాడికి చెబుతారా, నేను అరిచి చెప్పనా?" అంది ముసలావిడ. ఆ గొంతు వీధి దాకా వినిపించి ఉంటుంది.

తమ్ముడు బావ ముఖం చూశాడు, తర్వాత అక్క ముఖం చూశాడు. పిచ్చివాడు కాదు. పన్నెండేళ్ళు యంత్రాల మధ్య బతికినవాడు, ఎక్కడ ఏది వదులైందో ముఖం చూస్తే తెలుసుకోగలడు.

"నువ్వు చెప్పక్కా. ఏమిటి?"

ఆమె చేతులు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. తీసింది.

"నువ్వు సరిగ్గానే చదివావు," అంది. "బోర్డు మీద తెరిచి ఉందనే ఉంది. తలుపు మాత్రం సగం మూసి ఉంది. రోజూ రెండింటికి మూసేవారు, అత్తయ్య నిద్ర కోసం. అది నా కాగితాల్లో గీసి ఉంది. మూడు నెలలుగా ఉంది. చూసి కూడా ఎందుకని అడగలేదు నేను."

ఆపరేటరు గుమ్మంలో అలాగే నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

తమ్ముడు అరుస్తాడనుకుంది. కొడతాడనుకుంది, కొట్టినా బాగుండుననుకుంది. అతను బల్ల దగ్గరికి వచ్చి, రెండు వైపులా తన పేరుతో నిండిన కాగితం ఎడం చేత్తో తీసి చూసుకున్నాడు. బావ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఇవాళ పొద్దుటి నుంచి."

"పొద్దుటి నుంచి." కాగితం బల్ల మీద పెట్టాడు. "అయితే ఇందాక దీన్ని తెలిసే పట్టుకున్నావన్నమాట. కదలకుండా."

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

తమ్ముడు టైపు కాగితాన్ని మోకాలి మీద పెట్టి ఒంటిచేత్తో మడతపెట్టుకోబోయాడు. కింద పడింది. ఆమె వంగబోతే, "నువ్వు పట్టుకోకు," అన్నాడు. నేల మీద కూర్చుని తనే తీసుకుని, జేబులో పెట్టుకున్నాడు.

"ఐదింటికి వస్తారుగా ఇద్దరూ," అని వీధిలోకి నడిచాడు. ఆ కాగితం మీద సంతకం పెడతాడో, చింపుతాడో అతని వాలకం చూసి ఏమీ తెలియలేదు.